చెక్క ఎక్కడిది?

మంథనిలో వడ్ల పరశురాములు వడ్రంగి కార్ఖానా. మధ్యాహ్నం మూడు గంటలు. హైదరాబాద్‌లో డిజైన్ చదువుతున్న అలేఖ్య, తను చిన్నప్పుడు పుస్తకం పెట్టి రాసుకున్న పొట్టికాళ్ల పీటను తిరగేసి ముందర పెట్టుకుంది. పరశురాములు భార్య కొమురవ్వ లోపల వంటింట్లో ఉంది.

"పెద్దబాపూ, నువ్వు మాట మారుస్తున్నవ్. నేనడిగింది ఒక్కటే. గీ చెక్క ఏడిది?"

"చెక్క చెక్కనే బిడ్డా. చెట్టుది."

"అబ్బ! ఏ చెట్టుది? ఎవలు కోసిండ్రు, ఎవలు అమ్మిండ్రు? పదిహేడు ప్రశ్నలకు జవాబులు రాసిన. గీ పద్దెనిమిదోది ఖాళీగుంటే ఫారం పోతనే లేదు. నాలుగున్నరకు బందయితది."

"ఆ పదిహేడిట్ల ఏం రాసినవు?"

"నిన్ను మస్తు పొగిడిన. ఇను. 'మేకు లేదు, జిగురు లేదు. పన్నెండు స్క్రూలు. ఇంట్ల ఉన్న స్క్రూడ్రైవర్ తోని ఎవలైనా విప్పుకోవచ్చు. కాలు విరిగితే కాలొక్కటే మార్చుకోవాలె, పీటంత పారేసే పని లేదు.'"

"గదేమన్న గొప్పనా? విరిగింది మార్చుకునేటట్టు ఉండకుంటే అది వస్తువెట్లయితది? బజార్ల అమ్మే టేబుళ్లు చూసినవా? పైన రంగు కాయితం, లోపట పొట్టు. ఒక్క వానకు ఉబ్బుతయి. ఉబ్బినంక పొయ్యిల పెట్టినా కంపే."

"గది గూడ రాసిన. 'కాళ్లకు నాలుగు తూట్లు. పిల్ల పెరిగిన కొద్ది పీటను ఒక్కొక్క తూటు పైకి లేపొచ్చు. నాలుగో తరగతి పీట మీదనే పది దాక చదువుకోవచ్చు.' నేనే సాక్ష్యం గదా. గిది పన్నెండేండ్ల పీట. ఒక్క స్క్రూ ఊడలే."

"ఊడదు. ఎందుకూడతది?"

"మా సార్ ఫోటో చూసి ఏమన్నడో తెలుసా? గీ ఇరవై రెండు ఇంచుల వెడల్పు ఎవలు చెప్పిండ్రు ఆయనకు అన్నడు. మనిషి భుజాలకు సరిగ్గ సరిపోతదట. పెద్ద పెద్దోళ్లు కొలతలు తీసి తీసి గీడికి వస్తరట."

"నేనేం కొలవలే. వచ్చిన చెక్కే గంత ఉంటది. కొయ్యలే, వేస్టు చెయ్యలే. గంతే."

"ఏడికెళ్లి వచ్చిన చెక్క?"

"మల్ల గదే!"

"అలేఖ్యా, చాయ పెట్టాల్నా బిడ్డా?"

"వద్దు పెద్దవ్వా. మీ ఆయనను జర నోరు తెరువుమను, చాలు."

"ఆయన నోరు తెరిస్తే ఈగలు పోతయి గని మాట బయటికి రాదు. నలభై ఏండ్ల సంది చూస్తున్న."

"నువ్వు నీ పని చూసుకోవే... అలేఖ్యా, పాత ఇండ్లు కూలగొట్టిన కాడ తెచ్చిండు అని రాసుకో. ఖతం."

"గిది ప్లైవుడ్ పెద్దబాపూ. పదమూడు పొరలు, లెక్కపెట్టిన. మంథనిల పాత ఇండ్లకు ప్లైవుడ్ ఎవలు వేసిండ్రు?"

"అయితే పెద్దపల్లిల కొన్నడు అని రాయి."

"బిల్లు అడుగుతరు."

"బిల్లు పోయిందని రాయి."

"ఇన్నేండ్లల్ల బడి పిల్లలకు చేసిన రెండు వందల పీటలకు ఒక్క బిల్లు గూడ లేదా? దొంగ చెక్క అంటరు. ఫారెస్టోళ్లకు రాస్తరు."

"రానియ్యి. ప్లైవుడ్ ఏ అడివిల కాస్తదో నేను గూడ అడుగుత వాళ్లను."

"నవ్వకు. నాకు గిది పోతే పాణం పోయినట్టే. జర్మనీల ఏడాది చదువు. దేశం మొత్తం మీద ఇద్దరికి. ఒకటి ఆల్‌రెడీ పోయింది. రెండోదానికి నేనున్న, ఇంకొకడున్నడు. వాడు ప్లాస్టిక్ బాటిళ్ల తోని కుర్చీ చేసిండు. కుర్చీ! కూసుంటే కీసుమంటది. దానికి పర్యావరణం అని పేరు పెట్టిండు. వాడు పోవాల్నా జర్మనీకి, నేను పోవాల్నా?"

"నువ్వే పోవాలె. పీట మంచిగున్నది గదా, చూసి ఇయ్యరా?"

"ఇయ్యరు. మంచిగుంటే సరిపోదు. ఏడికెళ్లి వచ్చింది, ఎట్ల చేసిండ్రు, పాడయినంక ఏడికి పోతది, మూడూ చెప్పాలె. ఒక్కటి దాసిపెట్టినా గది మంచి వస్తువు కాదు, మంచిగ కనవడే వస్తువు. మాకు మొదటి రోజు చెప్పిన పాఠం గిది."

"చెప్పినాయన ఎన్నడన్న రంపం పట్టిండా?"

"పెద్దబాపూ!"

"సరె సరె. నెత్తి తినకు. దోస్తు ఒకడు తెచ్చిస్తడు, వాని పేరు నాకు యాదికి లేదు. గట్ల రాయి."

"గిదేంది? అడుగున గీకినవు?"

"ఏది?"

"గీడ. ఉలి తోని గీకినట్టున్నది. అక్షరాలు కనవడుతున్నయి ఇంకా."

"మరక."

"మరకకు చుక్కలుంటయా? అరబ్బీ లెక్క ఉన్నది. ఆగు, ఫోన్ పెడితే తెలుగుల చెప్తది."

"పీట కింద పెట్టు."

"ఒక్క నిమిషం."

"కింద పెట్టమంటున్న అలేఖ్యా."

"వచ్చింది. సగమే చదివింది. 'తల.' ఆగు... 'తల గీ దిక్కు.' తల గీ దిక్కు అంటేంది పెద్దబాపూ?"

"కంపెనీ పేరైతది."

"కంపెనీకి తల అని పేరు పెట్టుకుంటరా ఎవలన్న?"

"కొమురా! చాయ తే!"

"వద్దన్నది గదయ్యా పిల్ల."

"నాకు తే! ఇద్దరికీ తే!"

"పెద్దబాపూ, నా దిక్కు చూడు. గిది పెట్టె చెక్క. దుబాయ్‌ల సచ్చిపోయినోళ్లను తెచ్చే పెట్టె. ఔనా, కాదా?"

"జర మెల్లగ మాట్లాడు. గోడకవతల కిరాణ దుకాణమున్నది."

"ఔనా, కాదా?"

"ఔ."

"ఎట్ల దొరుకుతయి నీకు? ఏరుకొస్తవా?"

"ఏరుకొచ్చుడేంది! నేనేం దొంగనా? పెట్టె ఇంటి ముందర దింపి బండోడు పోతడు. దాన్ని ఎవలు విప్పాలె? ముప్పై దాక స్క్రూలుంటయి. ఏడ్చుకుంట ఏడ్చుకుంట పెండ్లాం విప్పుతదా, పిల్లలు విప్పుతరా? నాకు కబురు చేస్తరు. నేను పోయి విప్పుత. అందరిని అవతలికి పంపి ముందుగల నేనొక్కన్నే గుడ్డ తీసి మొఖం చూస్త. చూపెట్టేటట్టుంటే ఇంటోళ్లను రమ్మంట. లేకుంటే వద్దంట. నా మాట మీద ఎవలు మాట మాట్లాడరు. కూలి తీసుకోను. పెట్టె నాకు. గిది రివాజు అయిపోయింది."

"వాళ్లే ఇస్తరా పెట్టె?"

"ఇస్తరు. ఇంట్ల ఉంచుకుంటరా దాన్ని? మా కండ్ల ముందర నుంచి తీసుకపో అంటరు. ఏం చేస్తున్నవని ఒక్కలు గూడ అడగలే ఇన్నేండ్లల్ల."

"ఎన్ని పెట్టెలు?"

"లెక్కపెట్టలే."

"స్క్రూలు గూడ లెక్కపెట్టుకునే మనిషివి నువ్వు."

"నలభై ఒకటి."

"పెట్టెకు ఎన్ని పీటలు?"

"ఐదు. ఇగ చాలు. ఫారం నింపు, పో. ఊరోళ్లకు తెలిస్తే రేపు పొద్దుగాల వరకు రెండు వందల పీటలు నా వాకిట్ల కుప్ప పోస్తరు. అగ్గి పెడతరు. నన్ను గూడ దానిమీదనే పండవెడతరు. మీ పెద్దవ్వ ఒక్కతే మిగులుతది, చూసుకో."

"పెద్దబాపూ, గిది బంగారం."

"ఏంది?"

"నువ్వేం చేసినవో నీకు తెలుస్తలేదు. ఒక్క చెట్టు కొట్టలే. పదమూడు పొరల చెక్క పొయ్యిల కాలిపోయేది, దాన్ని తెచ్చి పిల్లలకు పీటలు చేసినవు. చావు తెచ్చిన చెక్క మీద అ ఆలు దిద్దుకుంటుండ్రు! నేను గిది రాస్తే జ్యూరీల కూసున్నోళ్లు ఏడుస్తరు. ఒట్టు, ఏడుస్తరు."

"ఏడ్చెటోళ్లు గీడ తక్కువున్నరా బిడ్డా? చాయ పట్టు. వాళ్లను గూడ ఎందుకు ఏడిపిచ్చుడు?"

"పెద్దవ్వా, నీకు ముందే తెలుసు గదా గీ ముచ్చట?"

"తెల్వకుంటె ఎట్ల? ఆ చెక్కలు కడిగేది నేనే. పసుపునీళ్ల తోని మూడు సార్లు. మూడు రోజులు ఎండల పెడ్త. ఆయన ముట్టుకోక ముందుగల ఒక అగరొత్తి ముట్టిస్త."

"గిది గూడ రాయాలె. పసుపునీళ్లు, మూడు సార్లు. ఇగ పేర్లు చెప్పుండ్రి. ఏ పెట్టె ఎవలది, ఆ పీట ఇప్పుడు ఎవలింట్ల ఉన్నది."

"పేర్లెందుకే నీకు? సచ్చినోళ్ల పేర్లు!"

"పేరు లేకుంటే నమ్మరు పెద్దబాపూ. నలభై ఒకటి వద్దు. ఐదు చాలు. మంచియి ఐదు."

"మంచియా? మంచియి అంటున్నవా నువ్వు?"

"అంటే... కథ ఉన్నయి."

"కథనా? ఆ హనుమంతు కొడుకు పెట్టె పీట మీద హనుమంతు మనుమరాలే రాసుకుంటున్నది. గంత కన్న కథ ఇంకేం గావాలె?"

"నోరు మూసుకోవే! ఎవలడిగిండ్రు నిన్ను?"

"ఆగుండ్రి. అంటే తండ్రి పెట్టె మీద బిడ్డ రాసుకుంటుందా?"

"చెక్కలన్ని కలిసిపోతయి. నాకు గుర్తుండదు. అదేదో వాగుతున్నది."

"పెద్దబాపూ, మా బాపు పెట్టె ఏం చేసినవు?"

"గోదారిలేసిన."

"ఎందుకేసినవు? మిగిలినయి వెయ్యలే గదా?"

"గప్పుడు నాకు గీ ఆలోచన లేకుండె."

"లేకుండెనా? మా బాపు శవం మే నెలల వచ్చింది. జూన్ల బడి తెరిచిన రోజు నువ్వు గీ పీట పట్టుకొని మా ఇంటికొచ్చినవు. పైసలిస్తె తీసుకోలే. నన్ను కన్న అవ్వ ఇప్పటికీ చెప్తది, తండ్రి లేని పిల్లకు పరశురాములన్న మొట్టమొదటి పీట చేసిచ్చిండు అని. మొట్టమొదటిది. చెప్పు."

"నీళ్లు తాగు ముందుగల."

"చెప్పు!"

"ఔ. గిది మీ ఇంటికొచ్చిన పెట్టెనే."

"అయ్యో బిడ్డా, గట్ల చూడకే. రా, నా దగ్గరికి రా. ఏడువు, జర ఏడువు."

"ఏడుస్తలేను పెద్దవ్వా. ఇడువు నన్ను. మొదటి లైను దొరికింది."

"ఏం లైను?"

"'మా బాపు ఇంటికొచ్చిన పెట్టె మీద నేను చదువుకున్న.' ఎట్లున్నది? ఇగ ఆ కుర్చోడు ఖతం. వాని బాటిళ్లు వాడే తాగాలె."

"అలేఖ్యా, నువ్వు మనిషివేనా? మీ అవ్వ సరోజన దీన్ని రోజు తుడుస్తది. ఎవలన్న చెప్తే పాణం ఉంటదా ఆమెకు?"

"ఎవలు చెప్తరు? ఫారం ఇంగ్లీషుల ఉన్నది. అవ్వకు ఇంగ్లీషు రాదు."

"థూ!"

"థూ అను పెద్దబాపూ, ఫరవాలేదు. పదో తరగతి దాక మా బాపు తల దిక్కున కూసుండి ఎక్కాలు రాసినట. మీ ఇద్దరికీ తెలుసు, నాకు తెల్వదు. నేను గూడ థూ అనొచ్చు. అంటలేను. నాకు ఇంకొకటి గావాలె."

"ఇంకేం గావాలె?"

"వీడియో. రెండు నిమిషాలు. తయారుచేసినాయన సొంత నోటి తోని చెక్క ఎక్కడిదో చెప్పాలె. పద్దెనిమిదో ప్రశ్నకు గది గూడ పెట్టాలె, దానికే ఎక్కువ మార్కులు."

"నేను చెప్ప."

"చెప్పకుంటే నేను లేచి హనుమంతు తాత ఇంటికి పోత. ఆ పిల్ల పీటను తిరగేసి చూపెడ్త. అక్కడికెళ్లి బడికి పోత. నువ్వు చెప్తే వీడియో హైదరాబాద్ పోతది, ఈడ కుక్క గూడ చూడదు. ఏది మంచిదో నువ్వే చెప్పు."

"గంత పని చేస్తవా? నిన్ను గీ చేతుల మీద ఎత్తుకున్ననే!"

"చేస్త. టైం మూడు యాభై అయింది."

"చేస్తదయ్యా. ఆ పిల్ల కండ్లు చూడు. చెప్పి తోలెయ్యి."

"ఏం చెప్పాలె?"

"మా బాపు పెట్టె గురించే చెప్పు. వేరేటియి వద్దు. నన్ను ఆ రోజు చూడనియ్యలే. అవ్వను గూడ చూడనియ్యలే. మా బాపు మొఖం ఆఖరుకు చూసింది ఈ భూమ్మీద నువ్వొక్కనివే. జర్మనీ కోసమే అడుగుతున్న అనుకుంటున్నవా? నాకు కలల గూడ బాపుకు మొఖం ఉండదు పెద్దబాపూ. గుడ్డ ఉంటది. గుడ్డ కింద ఏమున్నదో నాకు చెప్పు."

"వద్దు బిడ్డా. గది ఒక్కటి అడగకు. హనుమంతు కొడుకుది చెప్త. కావాలంటే పది మందియి చెప్త."

"బాపుదే."

"నిజమే గావాల్నా నీకు?"

"నిజమే గావాలె."

"మల్ల నన్ను అనొద్దు."

"అనను. పెడుతున్న. గీ ఎర్ర చుక్క దిక్కు చూడు. పేరు చెప్పు ముందుగల."

"వడ్ల పరశురాములు. మాది మంథని. వడ్రంగం పని."

"గీ పీట?"

"నేనే చేసిన. పన్నెండేండ్లయింది. దీని చెక్క... దీని చెక్క కుమారస్వామి ఇంటికొచ్చిన పెట్టెది. కుమారస్వామి అంటే గీ పిల్ల తండ్రి. నా దోస్తు. దుబాయ్‌ల సచ్చిపోయిండని ఫోనొచ్చినంక మూడు నెలలకు పెట్టె వచ్చింది."

"మంచిగ చెప్తున్నవు. ఆగకు."

"మే నెల. అంబులెన్సు డ్రైవర్ సంతకం తీసుకున్నడు, పోయిండు. సరోజన గడపల పడి ఉన్నది. నిన్ను మీ మేనమామ రామచంద్రం పక్కింటికి తోలుకపోయిండు. పెట్టె మీది కాయితంల పేరు చదివిండ్రు. కుమారస్వామి. ఊరు, మండలం, అన్నీ సరిగ్గనే ఉన్నయి. నేను అందరిని బయటికి పంపి తలుపు దగ్గరికేసిన. ఇరవై ఎనిమిది స్క్రూలు విప్పిన. మూత లేపిన. గుడ్డ జరిపిన. చూసిన. మల్ల కప్పిన."

"ఎట్లుండె?"

"ఆగు. బయటికొచ్చి 'ఖరాబయింది, ఎవలు చూడొద్దు, ఎండకు ఆగదు, జల్ది లేపుండ్రి' అన్న. మీ అవ్వ నా కాళ్లు పట్టుకున్నది. ఒక్కసారి, ఒక్కసారే అన్నా, అన్నది. నేను కాళ్లు గుంజుకున్న. ఒక్క గంటలనే గోదారొడ్డుకు తీసుకపోయిండ్రు. నిప్పు పెట్టిండ్రు."

"గంత ఖరాబయిందా పెద్దబాపూ? మొఖం అస్సలు లేకుండెనా?"

"చెప్పనియ్యి. చెక్క ముచ్చట అడిగినవు గదా, అదే చెప్తున్న. గప్పుడు నాకు పని లేదు. బజార్ల రెడీమేడ్ టేబుళ్లు దిగినయి, నా దుకాణం మూసే రోజులు. బడి సారు శ్యాంసుందర్ ఒక్కడే నలభై పీటలు చెప్పిండు. నా దగ్గర ఒక్క పలక లేదు. ఆ మూత లేపినప్పుడు... గసొంటి చెక్క నేను జన్మల చూడలే. తేలికగుండె, గట్టిగుండె, ఒక్క వంకర లేదు. నా చెయ్యి ముందుగల చెక్క మీదికి పోయింది. మనిషి మీదికి పోలే."

"చెక్క గురించి చాలు. బాపు గురించి చెప్పు."

"రెండూ ఒక్కటే ముచ్చట బిడ్డా. ఆ రోజు నేను నిజం చెప్తే మూత మల్ల బిగియ్యాలె. పెట్టె వాపసు పోతది."

"వాపసెందుకు పోతది?"

"ఏమయ్యా! ఏం మాట్లాడుతున్నవ్? నాకు గిది ఎన్నడు చెప్పలేదు గదా!"

"నీకెట్ల చెప్త కొమురా? సరోజన మూడు నెలలు ఎదురుచూసింది, ఇంక తట్టుకోదు, అందుకే గట్లన్న అని నాకు నేనే చెప్పుకుంట వచ్చిన ఇన్నేండ్లు. కాదు. చెక్క కోసమే అన్న."

"ఏమన్నవు? పెద్దబాపూ, ఏం అబద్ధం చెప్పినవు?"

"రికార్డు అయితుందా?"

"అయితుంది. చెప్పు."

"మొఖం ఖరాబు కాలే బిడ్డా. మంచిగనే ఉండె. గది మీ బాపు మొఖం కాదు."